వల విసిరిన డాక్టరమ్మ

ఇవాళ రక్తపరీక్షకు వెళితే, దూది మీది స్పిరిట్ వాసన గుప్పుమంది. అంతే, కళింగపట్నంలో డాక్టర్ పార్వతమ్మ గారి చిన్న ఆసుపత్రి గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. అరవైల చివర్లో నేనక్కడ రక్తపరీక్షలు చేసేదాన్ని. డాక్టరమ్మ గొంతు పెద్దది. తిట్టారంటే వీధి చివరికి వినపడేది. జనం మాత్రం ఆ తిట్లు వినడానికే అన్నట్టు వచ్చేవారు.

ఒకసారి ఎర్రయ్య అనే జాలరి వచ్చాడు. కడుపునొప్పి, విడవని జ్వరం, ఎంతకీ మానని కాలి పుండు. అమ్మవారికి మొక్కులూ అయ్యాయట. డాక్టరమ్మ అతని పెదవి ఎత్తి చూశారు. చిగుళ్ళ వెంట నల్లటి గీత! అతని రక్తం తీసి సూక్ష్మదర్శినిలో చూడమని నాతో అన్నారు. ఎర్రకణాల్లో నీలం చుక్కలు.

"సీసం! ఒరే, నోట్లో ఏటి పెట్టుకుంటన్నావు?"

"ఏటీ లేదమ్మా. వల ఇసిరీటప్పుడు అంచు గుండు పళ్ళతో పడతాను. అందరూ అంతే."

వల మునిగేందుకు అంచుకు కట్టే గుండ్లు సీసానివి. వాటిని తాడుకు కొరికి బిగించడం, విసిరేటప్పుడు పళ్ళ మధ్య పట్టుకోవడం వాళ్ళకు చిన్నప్పటి అలవాటు.

"మరి పుండెందుకు మానడం లేదండీ?" అని అడిగాను.

"తెల్లకణాలు ఒంటికి కాపలా కదే. ఆటినీ సీసం పాడు సేస్తందని నా అనుమానం. నా పుస్తకంలో ఎర్రకణాల సంగతే ఉన్నాది. తెలీనిది తెలీదనే సెప్పాల."

గుండు నోట పెట్టొద్దనేసరికి ఎర్రయ్య మండిపడ్డాడు. "పళ్ళతో పట్టకపోతే వల గుండ్రంగా ఇచ్చుకోదు. పిల్లలేటి తింతారు?"

"ప్రాణం కన్నా వల ఎక్కువా?" అన్నాన్నేను.

డాక్టరమ్మ ఉరిమి చూశారు. "నువ్వెప్పుడైనా ఇసిరావేటే?"

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వంశధార ఒడ్డుకు వెళ్ళారు. చీర ఎగదోపి, ఎర్రయ్య వల తీసుకుని, అంచు పళ్ళకు బదులు మోచేతికి వేసుకుని విసిరారు. వల ముద్దగా పడింది. వెనకే ఆవిడా పడ్డారు! ఒడ్డంతా గొల్లున నవ్వింది. ఎర్రయ్యకైతే నవ్వాగలేదు.

"అలాక్కాదు డాక్టరమ్మా! మోసేతికైతే సగం మడత బుజానికెయ్యాల. ఇటు సూడండి."

పళ్ళకు తగలకుండా విసిరి చూపించాడు. మొదట వంకరగా పడింది. పట్టుదలొచ్చి మళ్ళీ మళ్ళీ విసిరాడు. చివరికి గుండ్రంగా విచ్చుకుంది. "ఓలమ్మో!" అని తనే నోరు తెరిచాడు.

కొన్నాళ్ళకు నొప్పి తగ్గింది. పుండు నెమ్మదిగా మానింది. ఆ తర్వాత గుండు నోట పెట్టినవాణ్ణల్లా ఎర్రయ్యే తిట్టేవాడు, అచ్చం డాక్టరమ్మలాగే.

నేను తర్వాత చాలా ఊళ్ళలో పనిచేశాను. ఎవరినైనా ఏదైనా మానమనే ముందు, ఆ పని నాకోసారి నేర్పమంటాను. చేతకాక అభాసుపాలవుతాను. వాళ్ళు కడుపుబ్బ నవ్వుతారు. నవ్వి నవ్వి, చివరికి వాళ్ళే అంటారు: "అలాక్కాదమ్మా, ఇలాగైతే?"