క్వారీలో గుడ్లగూబలు

వీర్రాజు ఎవరినీ నమ్మడు. ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక చిట్కుల్ ఊరి చుట్టుపక్కల తిరిగి పిట్టల ఫోటోలు తీయడం అతనికి అలవాటైంది. కెమెరాని కూరగాయల సంచిలో, తోటకూర కట్టల కింద దాచి తీసుకెళతాడు. వెనక బండి చప్పుడైతే, అది దాటిపోయేదాకా చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి ఉంటాడు. ఏం పిట్ట కనపడిందని ఎవరైనా అడిగితే, చెరువు దగ్గర చూసినదాన్ని గుట్ట మీద చూశానంటాడు. పాడుబడ్డ క్వారీలో గుడ్లగూబ పిల్లల్ని పెట్టిందని భార్యకు కూడా చెప్పలేదు. క్షుద్రపూజలకని వాటిని పట్టి అమ్మేవాళ్లుంటారని అతని భయం.

ఆ ఉదయం క్వారీ దారికి ఎవరో తుమ్మకంప అడ్డం వేశారు. పట్టేవాళ్లే వచ్చారనుకున్నాడు వీర్రాజు. కంప తప్పించుకుని లోపలికెళితే, మేకలు కాసే మార్తమ్మ కర్ర పట్టుకుని బండ మీద కూర్చుని ఉంది.

"కంప నేనే ఏసిన. దినాం గీడికొచ్చి ఏం సూస్తున్నవ్ సారూ?"

"గుడ్లగూబల ఫోటోలు తీసుకుంటున్నానమ్మా."

"ఎవ్వరికి సూపెడ్తవ్? కొనేటోళ్లకా?"

"ఎవరికీ చూపించను."

"మరి ఫోటోలెందుకు?"

వీర్రాజు సంచిలోంచి కెమెరా తీశాడు. తెర ఆమె వైపు తిప్పి, గుడ్లగూబల ఫోటోలు ఒక్కొక్కటే చెరిపేశాడు. మార్తమ్మ చివరిదాకా చూసింది గానీ కర్ర మాత్రం కింద పెట్టలేదు.

"ఇగ రాకు," అంది.

"అలాగేనమ్మా," అని వెనుదిరిగాడు. ఈమె ఇలా కూర్చుని ఉంటే గుడ్లగూబ పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఫరవాలేదనిపించింది. ఇంటికి నెమ్మదిగా నడిచాడు.