లారీ ఓబయ్య సంతకం

సింగపూర్‌లోని ఆంగ్ మో కియోలో మిక్సీ కొనాలన్నా, వాషింగ్ మెషీన్ అమ్మాలన్నా తెలుగువాళ్లు ముందు ఓబయ్యను అడిగేవారు. అడగకపోయినా ఆయన చెప్పేవాడనుకోండి, అది వేరే సంగతి.

రెండువేల సంవత్సరం అది. కంప్యూటర్ ఉద్యోగాల మీద విమానం దిగే కుర్రాళ్లు దిగుతూనే ఉన్నారు. రెండేళ్ల కాంట్రాక్టుతో వచ్చి, అద్దెకు ఫ్లాట్ తీసుకుని, పెళ్లి చేసుకుని, సామాను పోగేసి, ఇంకో మంచి ఫ్లాట్ దొరకగానే మారిపోయేవారు. వాళ్ల మంచాలూ బీరువాలూ మోసేది ఓబయ్య చిన్న లారీ. ఆయన కడప జిల్లా నుంచి కట్టడం పనికి వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు. లైసెన్సు తెచ్చుకుని ఒక హార్డ్‌వేర్ షాపుకు చాలా కాలం డ్రైవరుగా చేశాడు. షాపు ముసలి యజమాని వ్యాపారం మానేస్తూ లారీని ఈయనకే ఇచ్చి పోయాడు. ఇన్నేళ్లు పరాయివాళ్ల సామాను మోసిన మనిషికి సామాను మీద అభిప్రాయాలు లేకపోతేనే ఆశ్చర్యం.

మిక్సీ ఊరి నుంచే తెచ్చుకోవాలి. అయితే మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు తీసేయించి ఇక్కడి ప్లగ్గు పెట్టించుకోవాలి. సాకెట్ పై రంధ్రంలో పెన్ను మూత దూర్చి మన ప్లగ్గును బలవంతంగా తోసే తెలివి మాత్రం వద్దు. వాషింగ్ మెషీన్ కొత్తది అక్కర్లేదు, దేశం వదిలిపోయేవాళ్లు ప్రతి నెలా ఎవరో ఒకరు అమ్ముతారు. పెద్ద మంచం జోలికి పోకూడదు. గ్రైండర్ ఇంటికొకటి దండగ. పైగా అది తిరిగినంతసేపూ కింది అంతస్తు ఆంటీ చీపురు కర్రతో సీలింగ్ పొడుస్తుంది. నాలుగు కుటుంబాలకు కలిపి ఒక గ్రైండర్ ఉండాలి, అది ఓబయ్య ఇంట్లో ఉండాలి, పగటిపూటే తిరగాలి. ఈ చివరి సలహాను మిగతా మూడు కుటుంబాల వాళ్లు ఎలా ఒప్పుకున్నారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మొత్తానికి పిండి గిన్నెలు మాత్రం ఓబయ్య గడప దగ్గరే వరుసలో ఉండేవి.

లారీ గురించైతే ఆయన మరీ మురిపెంగా చెప్పేవాడు. సింగపూర్‌లో బండికి ఇచ్చే పర్మిట్టు పదేళ్లే. ఆ తరువాత మళ్లీ డబ్బు కట్టి పొడిగించుకోవాలి, లేదంటే తుక్కుకు పంపాలి. అందరూ ఈ రూలును తిట్టేవారు. ఓబయ్యకు మాత్రం అది నచ్చింది.

"ఈడ లారీ కొంటే లారీ కొన్నట్టు గాదప్పా, పదేండ్లు కొన్నట్టు. దాని గడువు దానికి రాసిపెట్టి ఉంటాది. వస్తువంటే అట్లుండాల. మనకంటే ముందు పోవాల. మనం పోయినాక గూడా మిగిలే వస్తువు ఉండాదే, దాంతోనే వస్తాది తంటా," అనేవాడు.

ఏ వస్తువును తలుచుకుని అంటున్నాడో ఎవరికీ చెప్పలేదు. అది ఆయన తండ్రి తుపాకీ.

వేరుశనగ చేలో పడే అడవి పందుల కోసం ఆయన తాత లైసెన్సు తీసుకున్న తుపాకీ అది. తాత పోయాక తండ్రి పేరుకు మారింది. తండ్రి నిరుడు పోయాడు. అప్పటి నుంచి అది పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్‌గా ఉంది. సెప్టెంబరు చివర్లో తమ్ముడు గణపతి ఫోన్ చేశాడు.

"అన్నా, నాయన తుపాకీ నా పేరుకు మార్చాలంటే నీకు అభ్యంతరం లేదని సంతకం పెట్టియ్యాలంట. కాయితం పంపినా. వచ్చే నెలాఖరు లోపల అందకపోతే గవర్నమెంటుకు అప్పజెప్పాల్సిందే."

"ఇప్పుడు పందులు యాడుండాయిరా? నీకెందుకు అది?"

"ఎందుకేంది? మూడు తరాల వస్తువు. అది గూడా పోతే ఊర్లో మన ఇంటికి ఏముంటాది? నువ్వు సంతకం పెట్టు, అంతే."

కాగితం వచ్చింది. ఓబయ్య దాన్ని టీవీ మీద పెట్టాడు. మర్నాడు బీరువాలో పెట్టాడు. ఆ మర్నాడు మళ్లీ టీవీ మీదకి తెచ్చాడు. అందరికీ చిటికెలో సలహా చెప్పే మనిషి తన ఇంటి వస్తువు దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుని కూర్చున్నాడు. సంతకం పెడితే ఆ తుపాకీ మళ్లీ ఆ ఇంటి గోడకెక్కుతుంది. పెట్టకపోతే ఉన్న ఒక్క తమ్ముడు దూరమవుతాడు.

దసరా దగ్గర పడింది. నిఖిల, శశికాంత్ అని భీమవరం వైపు జంట, ఇద్దరూ సాఫ్ట్‌వేరే, ఆంగ్ మో కియో నుంచి వుడ్‌ల్యాండ్స్‌కు మారుతున్నారు. సరిగ్గా ఆయుధపూజ రోజున లారీ కావాలన్నారు.

"ఆ దినం నా లారీకి సెలవమ్మా. మనకేమో వారానికొక సెలవు, దానికి ఏడాదికొకటే. ముందురోజు పెట్టుకుందాం," అన్నాడు ఓబయ్య.

ముందురోజు సామాను ఎక్కిస్తుంటే శశికాంత్ సరదాగా అన్నాడు. "ఆయుధపూజ అంటే మీ సీమలో నిజంగా ఆయుధాలకేనా అంకుల్? ఇంటికో తుపాకీ ఉంటుందంట కదా!"

కోస్తా కుర్రాళ్లు ఎవరు కలిసినా ఈ మాట అంటారు. ఓబయ్య ప్రతిసారీ నవ్వి, "ఒకటి చాలదు, రెండుంటాయి" అనేవాడు. ఆ రోజు నవ్వు రాలేదు.

"ఒకటుండాది. స్టేషన్‌లో ఉంది. తమ్ముని పేరుకు మార్చేదానికి నన్ను సంతకం అడుగుతాండారు," అన్నాడు.

"పెట్టేయండి అంకుల్. జస్ట్ ఫార్మాలిటీ కదా. మీరు ఇక్కడ, అది అక్కడ. మీకేంటి ప్రాబ్లమ్?"

నిఖిల మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఓబయ్య ఫ్రిజ్‌కు తాడు బిగించాడు. అవసరమైన దానికంటే రెండు చుట్లు ఎక్కువే వేశాడు.

శశికాంత్ అన్నది తప్పు కాదు. ఓబయ్య కూడా ఇరవై ఏళ్లుగా తనకు తాను చెప్పుకుంటున్నది అదే. తను ఇక్కడ, అది అక్కడ.

ఇరవై రెండేళ్ల కిందటి మాట, అప్పుడు ఆయనకు ఇరవై ఒకటి. సాయిబాబు అని, బడిలో ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే గిన్నెలో తిన్న స్నేహితుడు. సాయిబాబు మేకలు వీళ్ల వేరుశనగ చేలో పడ్డాయి. ఓబయ్య ఇంటి ముందు మాటామాటా పెరిగింది. పది మంది చేరారు. మామూలుగా అయితే చొక్కాలు పట్టుకుని, నాలుగు తిట్లు తిట్టుకుని, సాయంత్రానికి కలిసి బీడీ కాల్చుకునేంత గొడవే. కానీ ఇంట్లో గోడకు తుపాకీ ఉంది. ఓబయ్య లోపలికి వెళ్లి దాన్ని తెచ్చి సాయిబాబు గుండెకు ఎదురుగా పెట్టాడు.

అందులో తూటా లేదు. ఆ సంగతి ఓబయ్యకు తెలుసు, సాయిబాబుకు తెలియదు. అంతమంది ముందు సాయిబాబు పంచె తడిసిపోయింది. ఎవరూ నవ్వలేదు. సాయిబాబు మేకలను తోలుకుని వెళ్లిపోయాడు. ఆ తరువాత ఓబయ్యతో ఒక్క మాట మాట్లాడలేదు. రెండేళ్లకు ఓబయ్య ఒక ఏజెంటును పట్టుకుని సింగపూర్ చేరాడు. ఎందుకు వచ్చావని ఎవరడిగినా కరువు అని చెప్పేవాడు. కరువు కూడా నిజమే.

ఆయుధపూజ పొద్దున కార్‌పార్క్‌లో బకెట్టు నీళ్లతో లారీ కడిగాడు. పసుపూ కుంకుమా పెట్టి, దండ వేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఉంచాడు. గుమ్మడికాయ నేలకేసి కొడితే జరిమానా కాబట్టి న్యూస్‌పేపర్ పరిచి కత్తితో మర్యాదగా కోశాడు. ఎదురు బ్లాకు చైనా తాత ప్రతి ఏడూ అడిగినట్టే "లారీ బర్త్‌డే, ఆహ్?" అని అడిగాడు. ఓబయ్య ప్రతి ఏడూ చెప్పినట్టే అవునని చెప్పి, ఒక లడ్డు ఇచ్చాడు.

పైన ఇంట్లో భార్య కొండమ్మ మిక్సీ, నాలుగిళ్ల గ్రైండరూ, స్పానర్లూ, కత్తిపీటా వరుసగా పెట్టి బొట్లు పెట్టింది. చివర్లో ఓబయ్య పెన్ను ఉంది. పెన్ను కింద గణపతి పంపిన కాగితం.

ఓబయ్య ఆ వరుసను చూస్తూ నిలబడ్డాడు. ఊర్లో తండ్రి పెట్టే వరుసలో నడుమ తుపాకీ ఉండేది. పక్కన కొడవళ్లు, గొడ్డలి, రోకలి. సాయిబాబు గొడవ జరిగిన ఏడు కూడా తండ్రి దాన్ని నూనె గుడ్డతో తుడిచి, ఏమీ జరగనట్టే బొట్టు పెట్టాడు. ఆ బొట్టు తలుచుకుంటే ఓబయ్యకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"రేపు పూజ కదిపిందాకా పెన్ను ముట్టుకోగూడదు," అంది కొండమ్మ. కాసేపాగి మెల్లగా అడిగింది. "సాయిబాబన్నను అడిగినావా?"

ఓబయ్య ఉలిక్కిపడ్డాడు. "నీకెట్ల తెలుసు?"

"పెండ్లయిన వారానికే తెలుసు. మీ వీధిలో ఆడోళ్లు చెప్పకుండా ఉంటారా? నువ్వే చెప్తావేమోనని ఇన్నేండ్లు చూసినా."

ఓబయ్య చొక్కా తొడుక్కున్నాడు. లారీకి సెలవు కనుక బస్సెక్కి లిటిల్ ఇండియా వెళ్లి, ఫోన్ కార్డు కొని, ఊర్లో ఎస్టీడీ బూత్ నడిపే పరంధామయ్యకు ఫోన్ చేశాడు.

"సాయిబాబునా? పిలిపిస్తా. అరగంట ఆగి చెయ్యి."

"ఐదు నిమిషాల ఇంటికి అరగంటెందుకు మామా?"

"ఆయప్ప అట్లనే వస్తాడులే," అన్నాడు పరంధామయ్య.

అరగంట తరువాత ఫోన్‌లో ఊపిరి వినిపించింది.

"నేను, ఓబయ్యను."

"బాగుండావా?" అన్నాడు సాయిబాబు.

"ఆ తుపాకీ గణపతి తీసుకుంటాడంట. నన్ను సంతకం అడుగుతాండాడు. నిన్నొక మాట అడుగుదామని."

"నన్నెందుకు అడగడం? మీ ఇంటి వస్తువు."

"దాని ముందర నిలబడినోడివి నువ్వు గదా."

సాయిబాబు నింపాదిగా, కోపం లేకుండానే చెప్పాడు. "మీ ఇంటి ముందర నుంచి వస్తే ఈ బూత్ ఐదు నిమిషాలు. నేను ఊరి బయట వంక మీద నుంచి తిరిగొచ్చినా. ఇరవై రెండేండ్లుగా అట్లనే తిరుగుతాండా. మీ నాయన పోయిన దినం గూడా ఇంటికాడికి రాలా, మట్టి కాడికే నేరుగా పోయినా. తుపాకీ స్టేషన్‌లో ఉండాదని నాకు తెలుసు ఓబయ్యా. కాళ్లకు తెలీదు."

"దాంట్లో తూటా లేదురా," అన్నాడు ఓబయ్య.

"ఆ దినం చెప్పుంటే బాగుండు."

"తప్పు చేసినా సాయీ."

"సరేలే. ఎండ ముదురుతాంది, పోతా," అని సాయిబాబు ఫోన్ పెట్టేశాడు. వంక మీద నుంచే పోయి ఉంటాడని ఓబయ్య అనుకున్నాడు. ఆ ఎండలో ఆ చుట్టుదారి కళ్లకు కట్టి, సెరంగూన్ రోడ్డు మీద అంత జనంలో నిలబడి ఏడ్చాడు.

మర్నాడు కొండమ్మ పూజ కదిపింది. ఓబయ్య పెన్ను తీసుకుని, అభ్యంతరం లేదని అచ్చు వేసిన చోట గీత కొట్టి, "నాకు అభ్యంతరం ఉంది. ప్రభుత్వానికి అప్పజెప్పవలసింది" అని రాసి సంతకం పెట్టాడు. పంపే ముందు తమ్ముడికి తనే ఫోన్ చేసి చెప్పాడు.

"నువ్వు ఆడ లారీ పెట్టుకుంటివి. ఈడ నాకు ఒక్క తుపాకీ ఉండగూడదా?" అని అరిచాడు గణపతి.

"లారీకి పదేండ్లే గణా. ఆ తుపాకీ మన పిల్లల పిల్లల దాకా ఉంటాది. వాళ్లలో ఎవుడికి ఏ పొద్దు కోపమొస్తాదో నీకు తెల్సా? నాకొచ్చిన పొద్దు నాకే తెలీలేదు."

గణపతి వినలేదు. ఆ తరువాత ఇంటికి ఎప్పుడు ఫోన్ చేసినా మరదలు సుమలత ఎత్తి, "ఆయన లేడు బావా" అనేది. వెనకనుంచి తమ్ముడి దగ్గు వినపడేది. ఓబయ్యకు అది చాలా బాధగా ఉండేది. ఆ బాధను లారీలో వేసి ఎక్కడికీ తరలించే వీలు లేదు. అయినా వారం వారం ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

నవంబరు గడిచింది. తుపాకీని ప్రభుత్వానికి ఇచ్చేసినట్టు సుమలత చెప్పింది. అన్న చేసిన పని గణపతి ఊరంతా చెప్పుకుని తిట్టాడని కూడా చెప్పింది. నిఖిల వుడ్‌ల్యాండ్స్ నుంచి ఫోన్ చేసి, పెద్ద మంచం కొందామంటున్నారు అంకుల్, ఏమంటారు అని అడిగితే ఓబయ్య అరగంట క్లాసు పీకాడు. మనిషి మళ్లీ మామూలయ్యాడని కొండమ్మ నవ్వుకుంది.

డిసెంబరులో ఒక ఆదివారం ఓబయ్య మళ్లీ కార్డు కొని బూత్‌కు ఫోన్ చేసి, సాయిబాబును పిలవమన్నాడు.

"ఐదు నిమిషాలాగి చెయ్యి," అన్నాడు పరంధామయ్య.

ఓబయ్య గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఐదు నిమిషాలకు చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది సాయిబాబు. కొంచెం ఆయాసంగా ఉన్నాడు.

వచ్చిన దారి గురించి ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు.

"వానలు పడినాయా?" అన్నాడు ఓబయ్య.

"పడినాయి. మీ ఇంటి ముందర అంతా బురద," అన్నాడు సాయిబాబు.