రాసేదొకటి, చదివేదొకటి

ఇజ్రాయెల్‌లో తొమ్మిదేళ్లు ఒక పెద్దాయనకి సేవ చేశాను. మా కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్లేవాళ్లే ఎక్కువ. నేనేమో ఏజెంటు ఎటు చూపిస్తే అటు వెళ్లాను. స్నానం చేయించడం, మందులివ్వడం, వీల్‌చైర్‌లో తిప్పడం నా పని. మాట్లాడే హీబ్రూ వంటింట్లో, మార్కెట్లో దానంతటదే వచ్చేసింది. అక్షరాలు మాత్రం పెద్దాయనే పట్టుబట్టి నేర్పాడు. ఆయనకి చూపు తగ్గిపోయింది, సాయంత్రంపూట వాళ్ల లేఖనాలు ఎవరో ఒకరు చదివి పెట్టాలి. ఇంట్లో ఉన్నది నేనే.

ఆ చదవడం నాకు పెద్ద తలనొప్పిగా ఉండేది. కొన్నిచోట్ల ఉన్నది ఉన్నట్టు చదివితే ఆయన చెయ్యెత్తి ఆపేవాడు. పుస్తకంలో ఒక మాట ఉంటుంది, చదవాల్సింది ఇంకో మాట. ఆ ఇంకో మాటని పక్క ఖాళీలో చిన్నక్షరాలతో వేస్తారు. కొన్నిచోట్ల రాసి ఉన్నదాన్ని అసలు పలకకూడదు. కొన్నిచోట్ల రాయనిదాన్ని పలకాలి. నాకు ఒళ్లు మండింది. తప్పని తెలిశాక దిద్దుకుని అచ్చువేసుకోవచ్చు కదా అని అడిగేశాను. పెద్దలు రాసిచ్చినదాన్ని చేత్తో ముట్టుకోం, నోటితో మాత్రం పెద్దలు చదివినట్టే చదువుతాం, మాకు రెండూ కావాలన్నాడు.

ఒకరోజు దేవుడి పేరు వచ్చింది. నాలుగక్షరాలు. కూడబలుక్కుని చదవబోతుంటే ఆయన చెయ్యి నా నోటిదాకా వచ్చింది. అది రాయడానికే తప్ప పలకడానికి కాదట. కనిపించినచోటల్లా ‘ప్రభువు’ అనాలట. మరి పక్కన రాయలేదేం అన్నాను. ప్రతి పేజీలోనూ వచ్చేదాన్ని, అందరికీ తెలిసినదాన్ని ఎవరు రాస్తారన్నాడు.

మా అమ్మ గుర్తొచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ మా నాన్న పేరు నోటితో అనలేదు. రేషన్ డిపోలోనైనా, ఆసుపత్రిలోనైనా పేరడిగితే కార్డు తీసి వేలితో చూపిస్తుంది. నాకు చిన్నప్పట్నుంచీ అదొక చాదస్తంలా అనిపించేది. ఆ మాటే చెబితే పెద్దాయన చాలాసేపు నవ్వాడు. మీ అమ్మకి చదవడం వచ్చు అన్నాడు.

ఆయన పోయాక నేను ఐనవిల్లి దగ్గర మా ఊరికి వచ్చేశాను. అప్పటికే నాన్నకి మతిమరుపు జబ్బు ముదిరింది. పోయిన వేసవిలో రాజమండ్రిలో డాక్టరుకి చూపించుకుని వస్తూ ముగ్గురం రావులపాలెంలో బస్సు మారాం. నేను బస్సు సంగతి కనుక్కుని వచ్చేసరికి అమ్మ ఒక్కతే ఉంది. చెప్పులో రాయి తీసుకుని తలెత్తేసరికి నాన్న లేడట. బయట హైవే, అరటి గెలల లారీలు. పరాయి దేశంలో పరాయి మనిషిని అన్నేళ్లు కాచినదాన్ని, కన్నతండ్రిని బస్టాండులో పోగొట్టుకుంటానా అని భయం పట్టుకుంది.

ఎంక్వైరీలో మైకు దగ్గరున్నాయన పేరడిగాడు. అమ్మ సంచిలోంచి ఆధార్ కార్డు తీసి చూపించింది. ఆయన ఇంటిపేరుతో సహా గట్టిగా చదివి, ఎక్కడున్నా ఎంక్వైరీ దగ్గరికి రావాలన్నాడు. ఎవరూ రాలేదు. మళ్లీ చదివాడు. నేను లారీల వైపు పరుగెత్తబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఒక్కసారి నాకిస్తారా అండీ?” అంది మైకాయనతో.

“ఆయ్, మాట్లాడండమ్మా” అంటూ ఆయన కుర్చీ జరిపాడు.

అమ్మ మైకుని రెండు చేతులా పట్టుకుంది. “ఏవండీ. మిమ్మల్నేనండీ. ఇలా వచ్చెయ్యండి, బస్సొచ్చేసింది.”

బస్టాండులో మగాళ్లు సగంమంది ఇటు తిరిగారు. కొందరు నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను. అంతలో సోడాబండి వెనక బల్లమీద నుంచి నాన్న లేచాడు. పంచె సర్దుకుంటూ, వస్తన్నా వస్తన్నా అనుకుంటూ తిన్నగా అమ్మ దగ్గరికి వచ్చాడు. నాకు ఏడుపు ఆగలేదు.

నాన్న నా వంక చూడలేదు. అమ్మ చేతిలోంచి సంచి అందుకుని, మైకు వైపు జాలిగా చూశాడు.

“ఇందాకట్నించీ ఎవర్నో పిలుస్తన్నారే. పాపం, ఆయనింకా వచ్చినట్టు లేదు.”