మస్తాన్ తిన్న ముద్ద

కోవిడ్ రెండో వేవ్ తగ్గిన ఏడాది, విజయవాడలో ఓ జైలుకు వారానికోసారి వెళ్ళే మానసిక వైద్య బృందంలో నన్ను వేశారు. నేను సైకియాట్రిక్ నర్సుని. మందులివ్వడంతో పాటు రోగి తింటున్నాడా, నిద్రపోతున్నాడా, మాటలో ఏమైనా తేడా వచ్చిందా అని గమనించి డాక్టరుకు చెప్పడం నా పని. ఆసుపత్రిలోనైతే రోజంతా కనిపెట్టుకుని ఉంటాం. జైల్లో మాకు దొరికేది వారానికో పూట. మిగతా రోజులన్నీ రోగిని చూసేది పక్కన పడుకునే ఖైదీయే.

ఏడుకొండలుని అక్కడే చూశాను. బందరు అవతల సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. ముప్పై ఏళ్ళుంటాయి. సొంత బావ తన అన్నంలో విషం కలుపుతున్నాడని నమ్మి తెడ్డుతో కొట్టాడు. బావకు ఒక కన్ను పోయింది. అక్క ఆ తర్వాత తమ్ముడి మొహం చూడలేదు. కేసు విచారణ ఇంకా మొదలు కాలేదు.

అతని జబ్బు స్కిజోఫ్రీనియా. లేనిదాన్ని ఉన్నట్టే గట్టిగా నమ్మడాన్ని మేం డిల్యూజన్ అంటాం. నచ్చజెబితే పోయేది కాదది. ఒక్కోసారి నచ్చజెప్పేవాళ్ళ మీదకే అనుమానం మళ్ళుతుంది. జైలు కూట్లోనూ విషమే ఉందన్నాడు ఏడుకొండలు. మొదటిసారి చూసేసరికి డొక్కలు తేలిపోయి ఉన్నాడు.

అలాంటివాడు కొన్ని వారాల్లో ఒళ్ళు చేశాడు. కారణం అదే బ్యారక్‌లో ఉన్న మస్తాన్. ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లకు వెల్డింగ్ చేసేవాడు, షెడ్డు దగ్గర జరిగిన కొట్లాట కేసులో లోపలికి వచ్చాడు.

"ఎలా తినిపిస్తున్నావయ్యా?" అని అడిగాను.

"ఏముందండీ సిస్టర్. ఆడి పళ్ళెంలోంచి ముందు నేనో ముద్ద తింటాను. నాకేం కాలేదని కాసేపు చూసుకుని, అప్పుడు ఆడు తింటాడు."

మాత్రలు కూడా కాంపౌండరు ఎదుట మస్తాన్ చేతి మీదుగానే వేసుకునేవాడు. నిద్ర పట్టింది. మాట కుదురుకుంది. అక్క వస్తుందేమోనని ములాఖత్ రోజున, అంటే బయటివాళ్ళు వచ్చి కలిసే రోజున, తల దువ్వుకుని కూర్చునేవాడు. నెలకోసారి వేసే డిపో ఇంజెక్షన్ ఉంటుంది, దాంతో రోజూ మాత్రలు మింగే పని తప్పుతుంది. అది వేయించుకోమని డాక్టరు చెప్పారు. "సూదొద్దండీ, మస్తాన్ ఇస్తన్నాడుగా" అన్నాడు.

అలా ఉండగా మస్తాన్‌కు బెయిలు వచ్చింది. ఆ వారం నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంకో రెణ్ణెల్లు నేనిక్కడే ఉంటే ఈడు గాడిలో పడతాడంటారా?"

"ఆ మాట అనకు మస్తాన్. నీ పిల్లలు ఎదురుచూస్తుంటారు, వెళ్ళు. వెళ్తున్నానని మాత్రం వాడికి చెప్పు. నీ బదులు ముద్ద తినేది ఎవరో కూడా నువ్వే చూపించు."

అలాగేనన్నాడు. చెప్పలేకపోయాడు. ఏడుకొండలు నిద్రపోతుంటే సంచి తీసుకుని వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది.

నేను మళ్ళీ వెళ్ళేసరికి ఏడుకొండలు గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. పళ్ళెంలో అన్నం ఎండిపోయింది.

"మస్తాన్ బెయిలు మీద ఇంటికెళ్ళాడు, తెలుసా?"

"పోయాడండీ. రోజూ నా కూట్లో ముద్ద తిన్నాడు. ఎన్నాళ్ళని తట్టుకుంటాడు?"

ఎవరి మీదా కోపం లేదు అతనికి. అయినవాణ్ణి పోగొట్టుకున్న మనిషిలా ఏడుస్తున్నాడు.

బతికున్నవాణ్ణి కళ్ళారా చూపిస్తే సరిపోతుందనుకున్నాం. జైలు అధికారులు ఒప్పుకున్నారు. కబురందగానే మస్తాన్ పనిబట్టలతోనే వచ్చి ములాఖత్ గదిలో ఇనుప జాలీ అవతల నిలబడ్డాడు.

"ఒరే కొండలూ, నేన్రా. బాగానే ఉన్నాను, చూడు."

ఏడుకొండలు చాలాసేపు చూశాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "అచ్చం ఆడిలాగే ఉన్నాడండీ. ఎవర్ని తీసుకొచ్చారు?"

మస్తాన్ జాలీ పట్టుకుని, "అన్నం తెప్పించండి సిస్టర్. ఈడి ముందే తింటాను" అన్నాడు.

ఆ మాట వినగానే ఏడుకొండలు నా కాళ్ళ మీద పడ్డాడు. "ఒద్దండీ. పాపం, ఈణ్ణి కూడా చంపకండి."

మస్తాన్ జాలీ వదిలేశాడు. బయటికెళ్ళి గేటు పక్కన చాలాసేపు కూర్చున్నాడట.

ఏడుకొండలుని కోర్టు ఉత్తర్వుతో మానసిక వైద్యశాలకు పంపారు. ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పెట్టాల్సి వచ్చింది. నెలల తర్వాత తిరిగొచ్చాడు. ఇప్పుడు ఇంజెక్షన్ వేయించుకుంటాడు, ఎవరు పెట్టినా తింటాడు. బావ విషం పెట్టలేదని ఒప్పుకుంటాడు కూడా. ఒక్క నమ్మకం మాత్రం పోలేదు. "మస్తాన్ మంచోడండీ. నా మూలాన పోయాడు" అంటాడు, నిదానంగా. మస్తాన్ ఆటోనగర్‌లో పని చేసుకుంటున్నాడు. ఒకసారి కనిపించి, "ఆ రోజు చెప్పి ఎల్తే నమ్మేవాడా సిస్టర్?" అని అడిగాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

డ్యూటీ మారేటప్పుడు రోగిని తర్వాతి నర్సుకు అప్పగించడాన్ని హ్యాండోవర్ అంటాం. మందులూ బీపీలూ చెప్పుకోవడమే హ్యాండోవర్ అని అంతవరకూ అనుకునేదాన్ని. రోగి ఒక మనిషి మీద పెట్టుకున్న నమ్మకాన్ని కూడా ఇంకొకరికి అప్పగించాలని ఈ కేసుతో తెలిసింది. ఇప్పుడు రోగిని చూసుకునే ఖైదీకి బెయిలు వస్తోందంటే ఇద్దర్నీ నా ఎదుట కూర్చోబెట్టి చెప్పిస్తాను. కొందరు ఏడుస్తారు. కొందరు తిట్టి మొహం తిప్పుకుంటారు. వెళ్ళేవాడు తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళడం మాత్రం ఉండిపోయేవాడు చూస్తాడు.