చేంతాడు ముడి

ధర్మవరంలో మా వీధికి మొదట కారు తెచ్చింది నేనే. ఎనభైల చివర్లో, అప్పుడప్పుడే రోడ్ల మీద కనిపిస్తున్న చిన్న కారు అది, ఒకరు వాడి వదిలేసింది. మా నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టి బతికిన మనిషి. నేను మగ్గం వదిలి చీరల వ్యాపారం పట్టాను. గుంతలోంచి లేచి కారులో కూర్చున్నానన్న పొగరు నాకు నెత్తికెక్కి ఉండేది.

చీరలమ్మడానికి తిరిగే యాడికి ఊరి దారి దుమ్ము ఆ కారును ఏడాదిలోనే తినేసింది. ముందు చక్రాల షాకబ్జర్ల కడ్డీలకు మన్ను అంటకుండా మడతలు మడతలుగా రబ్బరు తొడుగులు ఉంటాయి. బూట్లంటారు. అవి ఎండకు పెళుసెక్కి చినిగిపోయాయి. షెడ్డు మేస్త్రీ చూసి, వీటిని మార్చాలంటే ముందు స్ప్రింగును అణచిపట్టే సామాను కావాలి, బండి వదిలిపొమ్మన్నాడు. ఇంటి దగ్గర నేనే వేసుకుంటానని నలుగురి ముందు బడాయి పోయాను. అతను నవ్వాడు. కొత్త బూట్లు మాత్రం కొని తెచ్చుకున్నాను.

మా బామ్మర్ది, నా భార్య తమ్ముడు, చిన్నప్పటి నుంచీ నాతో కలిసి పెరిగినవాడే, పక్క వీధిలో మగ్గం నేసేవాడు. మగ్గం మీది నిలువు పోగుల్ని పడుగంటారు. ఒక పడుగు అయిపోగానే కొత్త పడుగును పాతదాని కొసలకు పోగు పోగుగా అతకాలి. వేల పోగులుంటాయి. అతను వేళ్లకు బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక్క మెలి తిప్పి ముడి పెడితే ఆ పోగు మళ్లీ విడిపోయేది కాదు. మా చుట్టుపక్కల ఏ ఇంట్లో పడుగు అతకాలన్నా అతన్నే పిలిచేవారు. అతని బతుకంతా ఆ రెండు వేళ్ల మీదే నడిచేది.

బావాబామ్మర్దుల మధ్య ఎగతాళికి హద్దులేదంటారు మాలో. ఆ చనువును నేను కత్తిలా వాడుకున్నాను. గుంతలో కప్ప అని పిలిచేవాణ్ణి. అందరితోపాటు అతనూ నవ్వేవాడు.

ఆ ఆదివారం పొద్దున సాయానికి పిలిచాను. మా బావి ఎండిపోయి రెండేళ్లయింది. పనిలేని చేంతాడు ఎండలో గోడకు వేలాడుతూ ఉండేది. కారు బరువుకు స్ప్రింగు అణిగి ఉన్నప్పుడే దాని చుట్లను ఆ తాడుతో మూడు చోట్ల కట్టేసి, తర్వాత జాకీతో బండి లేపి ఊడదీద్దామన్నాను. అతను తాడును వేళ్లతో నలిపి చూశాడు. పీచు పొడిగా రాలింది.

"వద్దు బావా. ఇది ఎండకు సచ్చిపోయిండాది. షెడ్డుకు పోయి ఆ సామాను అడిగి తెస్తా."

మేస్త్రీ నవ్వు నాకు గుర్తొచ్చింది.

"ఏమప్పా, ఊరంతా నీ ముడి గురించి చెప్పుకుంటాండారే. నీ ముడి మీద నీకే నమ్మకం ల్యాదా?"

అతను తాడు అందుకున్నాడు. కారు కిందికి దూరి మూడు ముళ్లూ వేశాడు. షాకబ్జర్ ఊడదీసి పెరట్లో గోనెపట్టా మీద పెట్టాం. పైనున్న నట్టు నేను విప్పి పాత బూటు లాగేశాను. కొత్త బూటు కింది అంచు కూర్చోవాలంటే స్ప్రింగు చుట్ల మధ్యలోంచి వేళ్లు పోనివ్వాలి. నా వేళ్లు లావు.

"నీవి ఆడోళ్ల వేళ్లు గదా, నువ్వు పెట్టు" అన్నాను.

పెట్టాడు. తాడు పుటుక్కుమంది. స్ప్రింగు ఒక పక్కకు వంగి ఎగిరింది. కడ్డీకీ ఇనుప చుట్టకూ నడుమ అతని కుడిచేతి వేళ్లు నలిగిపోయాయి. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆ వేళ్లను ఎవరివో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

ఆస్పత్రిలో చూపుడువేలు సగానికి తీసేశారు. బొటనవేలు నిలిచింది గానీ వంగేది కాదు. ఎట్లా జరిగిందని నా భార్య అడిగింది. మా అమ్మ, వీధివాళ్లు, అందరూ అడిగారు. ముడి జారిందని చెప్పాను.

ముడి జారలేదు. ఇంటికొచ్చి చూస్తే మూడు ముళ్లూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. తాడు మాత్రం ముడికి జానెడు దూరంలో, ఇనుప అంచు దగ్గర తెగింది. ఆ ముక్కలు ఏరి నీళ్ల పొయ్యిలో పెట్టాను.

అతన్ని పడుగు అతకడానికి పిలవడం మానేశారు. నేత కూడా సాగక మగ్గం అమ్మేసి వేరుశనగ చేలల్లో కూలికి పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అది మంచితనం అనుకోవడం నాకు సులువుగా ఉండేది.

మరుసటి ఏడు మాకు కూతురు పుట్టింది. మా ఇళ్లల్లో ఉయ్యాల తాడు మేనమామే ముడివేయాలి. అతను కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. మిగిలిన వేళ్లతో తాడును దూలం మీదుగా వేసి, కొసను పళ్లతో పట్టుకున్నాడు. మా అమ్మ అడ్డం వచ్చింది.

"నీ ముడి నిలబడదు గదప్పా. బిడ్డ పడితే ఎట్ల?"

ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. తాడు పళ్లలోనే పెట్టుకుని అతను నావైపు చూశాడు. నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆ మాటలు అనేంతసేపూ అతను ఎదురుచూశాడు. నేను చెయ్యి చాపాను. తాడు నా చేతిలో పెట్టి, కుడి చేతిని జేబులో దాచుకుని, గోడవారగా జరిగి నిలబడ్డాడు.

ఆ ముడి నేనే వేశాను. చిన్నప్పుడు అతను నేర్పిన ముడే.