చివరి మడికి మొదటి నీళ్లు

యాసంగి నాట్లకు చెరువు తూము ఎత్తాల్సిన వారంలో మా తాత పోయాడు. పొద్దున నేను కామారెడ్డిలో పిల్లలకు టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే నాయనమ్మ ఫోన్ చేసింది. ఆమె ఫోన్లో ఎప్పుడూ పొలం అవతలి మనిషిని పిలిచినట్టు మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడింది. "మీ తాత చాయ్ తాగిండు. గిలాస కింద వెట్టి గోడకు ఒరిగిండు. లేపితే లేస్తలేడు బిడ్డా" అంది. "చాయ్ మొత్తం తాగిండు" అని మళ్లీ చెప్పింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. గ్లాసు అడుగున చుక్క మిగిల్చిన వాళ్లను మా తాత జీవితంలో క్షమించలేదు.

ఆయన మా ఊరి నీరటి. మీలో చాలామందికి ఈ మాట తెలియకపోవచ్చు. చెరువు నీళ్లు ఏ మడికి ఎప్పుడు పారాలో, ఎంతసేపు పారాలో చూసే మనిషిని మా దిక్కు నీరటి అంటారు. మాది నాగిరెడ్డిపేట మండలం. ఆ పేరు అనగానే పోచారం ప్రాజెక్టు నీళ్లు గుర్తొస్తాయి గానీ, మా ఊరు కాస్త ఎత్తు మీద ఉంటుంది, ఆ కాలువ మా దాకా రాదు. ఉన్నదంతా మా చిన్న చెరువే. దాని తూము తిప్పే మర, నీళ్లు మళ్లించే పార, రెండూ తాత చేతిలో ఉండేవి. మోకాళ్ల పైకి కట్టిన ధోతి, తలకు తువ్వాల, భుజాన పార. ఫొటో తీయించుకోమన్నా పార దించేవాడు కాదు.

ఆయనది ఒకటే పట్టుదల. నీళ్లు ముందు కాలువ చివరనున్న మడికి పోవాలి, అక్కడి నుంచి ఒక్కో మడి తడుపుకుంటూ పైకి రావాలి. నీరటి సొంత మడి అందరికన్నా ఆఖరున తడవాలి. మా మళ్లేమో చెరువు కట్టకు ఆనుకునే ఉన్నాయి. అంటే తూము ఎత్తగానే నీళ్లు మా గట్టును రాసుకుంటూ, మా మడిని పలకరించకుండా, కిలోమీటరు దూరం వెళ్లేవి. చిన్నప్పుడు ఇది నాకు శుద్ధ తెలివితక్కువ పనిలా కనిపించేది. ఆ మాట తాతకు ముఖం మీదే చెప్పాను కూడా. ఆయన నవ్వి, నా నెత్తి మీద తువ్వాల వేసి నడవమన్నాడు.

తాతకు గడియారం ఉండేది గానీ పెండ్లిళ్లకు మాత్రమే పెట్టుకునేవాడు. పొలం దగ్గర కాలాన్ని బీడీలతో కొలిచేవాడు. ఒక మడికి రెండు బీడీల నీళ్లు, పెద్ద మడికి నాలుగు. బీడీ ముట్టించగానే మడవ తెరిచేవాడు, అంటే గట్టుకు ఉన్న చిన్న గండి. బీడీ అయిపోగానే మూసేవాడు. ఊరంతా ఈ లెక్కను ఒప్పుకుంది. ఆ బీడీలు చుట్టేది మా నాయనమ్మే. ఒకసారి ఒకాయన మా వాకిట్లోకి వచ్చి, ఈ వారం బీడీలు సన్నగా చుట్టావు, నా మడి సగమే తడిసిందని ఆమెతో పంచాయితీ పెట్టుకున్నాడు. నాయనమ్మ ఆయనకు ఆకు, కత్తెర ఇచ్చి నువ్వే చుట్టుకోమంది.

నేను మూడో తరగతిలో ఉండగా ఎల్లారెడ్డిలోని డాక్టరు తాతను బీడీ మానేయమన్నాడు. తాత ఆ రోజే మానేశాడు. దగ్గు తగ్గింది గానీ కొలత పోయింది. అప్పుడే నేను ఎక్కాలు నేర్చుకుంటున్నాను. పక్కింటి పెద్దాయనను పిలిచి, బీడీ ముట్టించమని, నన్ను రెండో ఎక్కం నుంచి చదవమన్నాడు తాత. ఏడో ఎక్కం దగ్గర నేను తడబడ్డాను, బీడీ ముందే అయిపోయింది. ఏడో ఎక్కం బాగా వచ్చాక మళ్లీ కూర్చోబెట్టాడు. ఈసారి పదో ఎక్కం ముగియడం, పక్కింటాయన వేళ్లు కాలడం ఒకేసారి జరిగాయి. అప్పటి నుంచి మా ఊళ్లో రెండు నుంచి పది దాకా ఎక్కాలు చదివితే ఒక బీడీ. సెలవు రోజుల్లో తాత పార పట్టుకుంటే నేను గట్టు మీద కూర్చుని చదివేదాన్ని. మిగతా రోజుల్లో ఆయనే నాకు తెలియకుండా నేర్చుకుని చదివేవాడు.

అక్కడ నేను కొంత దొంగతనం చేశాను, ఒప్పుకుంటాను. పల్లికాయలు పెట్టే వాళ్ల మడికి ఎక్కాలు రాగం తీసి చదివేదాన్ని. నన్ను కసిరే వాళ్ల మడికి రైలు వేగంతో చదివేదాన్ని. తాత నా వైపు చూడకుండానే అనేవాడు: "బిడ్డా, ఎక్కాలు ఉరుకుతున్నయి. నీళ్లు నడుస్తున్నయి. మళ్ల చదువు." ఇప్పుడు నేను లెక్కల టీచర్‌ను. పిల్లలు గబగబా ఎక్కాలు అప్పజెప్పి కూర్చోబోతే నా నోటి నుంచి ఇదే మాట వస్తుంది. మా క్లాసులో నీళ్లెక్కడున్నాయో వాళ్లకు అర్థం కాదు పాపం.

ఆయనకు ఎల్లారెడ్డి ప్రయాణమంటే పండగ. ఎనిమిది గంటల బస్సుకు ఆరింటికే వెళ్లి కూర్చునేవాడు. బస్సు ముందే వస్తుందని కాదు, వచ్చే పోయే వాళ్లతో మాట్లాడటానికి. తిరిగొచ్చేటప్పుడు బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు కట్టించుకుని, తువ్వాలలో చుట్టి, చంకలో పెట్టుకుని తెచ్చేవాడు. ఇంటికి చేరేసరికి అవి చల్లబడి మెత్తగా అయ్యేవి. "ఏడిగనే ఉన్నయి, తినుండ్రి" అనేవాడు. చంకలో ఉన్నంతసేపు ఆయనకు వేడిగానే తగిలి ఉంటాయి. మేమూ వేడిగా ఉన్నాయనే తినేవాళ్లం.

ఇక నేను చేసిన పని చెప్పాలి. డిగ్రీ చదువుతున్న రోజులవి. ఆ యాసంగిలో తాత తూము దగ్గర జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. కాలికి సిమెంటు పట్టి వేశారు. మా బాపు, అంటే మా నాన్న, అప్పుడు మస్కట్‌లో పనిచేస్తున్నాడు. సెలవులకు వచ్చిన నా చేతికి తాత పార ఇచ్చాడు. ఆడపిల్ల తూము మీదికి ఎక్కడమేమిటని ఒకరిద్దరు అన్నారు గానీ తాత వినిపించుకోలేదు. నాకైతే కలెక్టరు ఉద్యోగం వచ్చినంత గర్వం. వారం రోజులు చెప్పినట్టే చేశాను. చెరువులో నీళ్లు తగ్గుతున్నాయి. మా మడిలో వరి పసుపు రంగుకు తిరుగుతోంది. ఎనిమిదో రోజు, పక్కనే గలగలమని పోతున్న నీళ్లను చూసి ఉండబట్టలేకపోయాను. ఒక్క బీడీ సేపే అనుకుని మా మడవ తెరిచాను. ఒకటి రెండైంది, రెండు ఆరయ్యాయి. ఆ తర్వాత చివరి మడి దాకా నీళ్లు పోయాయో లేదో చూసే ధైర్యం లేక ఇంటికి వచ్చేశాను.

తాత వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. "కాళ్లు సూపియ్యి బిడ్డా" అన్నాడు. చూపించాను. మా ఊళ్లో చెరువు కట్ట కింద ఎర్రమన్ను, కాలువ చివరన నల్లమన్ను. నా కాళ్లకు ఎర్రమన్ను మాత్రమే ఉంది.

"నల్లమన్నేది?" అన్నాడు.

"కడుక్కున్న తాతా."

"నల్లది కడిగి ఎర్రది మిగిలిచ్చినవా?"

అని నవ్వాడు చూడండి, మంచం కిర్రుకిర్రుమంది. నాయనమ్మ కూడా బీడీల చేట పక్కన పెట్టి నవ్వింది. నేను ఏడ్చాను. నవ్వడం అయిపోయాక తాత పక్కింటివాళ్ల బండి మీద, సిమెంటు కాలు బయటికి చాపి, నన్నూ వెంటబెట్టుకుని చివరి మడికి బయలుదేరాడు. ఆ మడి భర్త పోయిన ఒక పెద్దావిడది. ఆమెకు ఉన్నది ఆ అరెకరమే. తాత ఆమెతో, ఇయ్యాల మా ఇంట్ల తప్పైందని చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. మా మడికి వచ్చే తర్వాతి వంతు నీళ్లు కూడా ఆమెకే ఇచ్చాడు. ఆ ఏడు మా రెండు మళ్లు ఎండిపోతే కోసి పశువులకు వేశాం.

తిరిగొస్తుంటే తాత నాతో అన్న మాట ఇది: "నీళ్లకు సుట్టం, పక్కం తెల్వదు బిడ్డా. పార వట్టినోళ్లకు తెలుస్తది. అందుకే పార వట్టినోళ్లు భయపడాలె."

ఆ తర్వాత ఆయన ఆ సంగతి కోపంగా ఎత్తలేదు. ఎగతాళిగా మాత్రం వదల్లేదు. కామారెడ్డి నుంచి వచ్చి బస్సు దిగగానే నా చెప్పుల వైపు చూసి, "ఎర్రమన్నేనా?" అనేవాడు. నా పెండ్లిలో పారాణి పెట్టుకుని పీటల మీద కూర్చుంటే, అక్షింతలు వేయడానికి వంగి, "మళ్ల ఎర్రగనే ఉన్నయి" అని చెవిలో అన్నాడు. ఫొటోల్లో పెండ్లికూతురు పగలబడి నవ్వుతుంటే మా అత్తగారింటివాళ్లు బిత్తరపోయి చూస్తుంటారు. కానీ ఒక్క సంగతి నా లోపల ముల్లులా ఉండిపోయింది. ఆయన మళ్లీ నా చేతికి పార ఇవ్వలేదు. ఒకసారి అడిగితే, ఇస్త తియ్, తొందరేమున్నదన్నాడు.

తాత పోయిన మూడో రోజు ఊరి పెద్దమనుషులు నలుగురు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నారు ముదురుతోంది, నీళ్లు వదలాలి. అడగడానికి మొహమాటపడుతున్నారు. మస్కట్ మానుకుని వచ్చిన బాపే రెండేళ్లుగా తాత వెంట తిరుగుతున్నాడు గానీ, తలకొరివి పెట్టాడు కనుక దినాలు అయ్యేదాకా పార ముట్టకూడదు. పదకొండు రోజులు ఆగుతామన్నారు వాళ్లు. నాయనమ్మ లోపలి నుంచి వచ్చి నా వైపు చేయి చూపించింది.

"దీనికి పెండ్లయింది. మూడొద్దులతోని మైల తీరింది. రేపు పార ఇది వడ్తది."

పెండ్లయిన ఆడపిల్లకు మూడు రోజులే మైల అన్న మా దిక్కు ఆచారం అంత పనికొస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆమెను పక్కకు తీసుకెళ్లి, నేను ఒకసారి చెడగొట్టాను కదా నాయనమ్మా అన్నాను.

"గందుకే. చెడగొట్టినోళ్లకు యాదుంటది" అంది. ఆ మాట తనది కాదట. నీ తర్వాత పార ఎవరిదని అడిగిన వాళ్లందరికీ తాత నా పేరే చెప్పి ఈ మాట అనేవాడట, ఒక్క నాకు తప్ప.

మరునాడు తూము మర తిప్పాను. పార కర్ర తాత పట్టుకున్న చోట నునుపు తేలి, నా చేతికి కొంచెం లావుగా అనిపించింది. నీళ్లు మా గట్టును రాసుకుంటూ ముందుకు పోయాయి. మా మడి నెర్రెలిచ్చి ఉంది. చూశాను, చూసి నడిచాను. చివరి మడి దగ్గర ఆ పెద్దావిడ కోడలు బీడీల చేటతో గట్టు మీద కూర్చుని ఉంది. నా చేతికి గడియారం లేదు, ఫోన్ ఇంట్లో వదిలేశాను. మడవ తెరిచి, రెండో ఎక్కం నుంచి గట్టిగా మొదలుపెట్టాను. ఏడో ఎక్కం దాకా వచ్చాను. ఏడెనిమిదుల దగ్గర ఆగిపోయాను.

"ఏడెనిమిదులు యాబై ఆరు" అందించింది కోడలు. "ఏం గాదు టీచరమ్మా, మొదటి నుంచి సదువు. నాకైతే నీళ్లొస్తనే ఉన్నయి."

ఇద్దరం నవ్వుకున్నాం. అయినా మొదటి నుంచి చదవలేదు. ఏడో ఎక్కం నుంచే అందుకున్నాను. అక్కడ ఎవరో నా వైపు చూడకుండా వింటున్నట్టే ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మోకాళ్ల దాకా నల్లమన్ను. వాకిట్లో తాత మంచాన్ని గోడకు నిలబెట్టి ఉంచారు. కాళ్లు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోకుండా ఆ మంచం ముందు నిలబడ్డాను. నాయనమ్మ గడపలోకి వచ్చి నన్ను చూసింది, నా కాళ్లను చూసింది.

"చూసిండు తియ్" అంది. "ఇగ కడుక్కో పో."

నేను కడుక్కోలేదు. అరుగు మీద కాళ్లు చాపి, ఆమె ఇచ్చిన చాయ్ చుక్క మిగల్చకుండా తాగుతూ, మన్ను ఎండేదాకా అలాగే కూర్చున్నాను.