టైం చూసుకునే అలవాటు

ఈస్టర్ ఆదివారం డ్యూటీ పడకపోతే డాక్టర్ గిరిజ కూతురు చాందినిని వెంటబెట్టుకుని, స్వోర్డ్స్‌లో బస్సెక్కి, డబ్లిన్‌కి, 1916 తిరుగుబాటును తలుచుకుంటూ ఏటా జరిగే సైనికుల కవాతు చూడటానికి వస్తుంది. ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే "గ్రాండ్" అంటుంది, ఇక్కడివాళ్లు దేనికైనా అనే మాట. ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడ్డట్టే బారికేడ్ పక్కన కూడా బరువంతా ఒక కాలిమీద వేసి నిలబడుతుంది. చినుకులకు తడిసిన బాకాలు, ఒక్కసారే నేలకు తగిలే బూట్లు, అన్నీ చూస్తుంది. ముఖంలో మాత్రం ఏమీ కదలదు. ఏళ్లతరబడి ఎమర్జెన్సీలో పనిచేసిన ముఖం అది. గుమ్మంలో చెప్పులతోపాటు దాన్నీ విడిచేద్దామనుకుంటుంది గానీ కుదరదు.

ఎప్పట్లాగే ఈసారీ, ఆ తిరుగుబాటు మొదలైన పెద్ద పోస్టాఫీసు మీది జెండాని సగానికి దించి, అప్పుడు చనిపోయిన వీరుల కోసం ఒక నిమిషం మౌనం పాటించమన్నారు. డ్రమ్ములు ఆగిపోయాయి. వీధంతా నిశ్శబ్దమైపోయింది. గిరిజ వాచీ చూసుకుని, మెల్లగా, స్పష్టంగా, "టైం, ట్వెల్వ్ లెవెన్" అంది. రోగి ప్రాణం పోయాక నర్సు రాసుకోవడానికి చెప్పే గొంతుతోనే.

చాందిని తలెత్తి చూసింది. "అమ్మా, హూ డైడ్?"

"ఎవరూ పోలేదమ్మా."

జెండా మళ్లీ పైకి లేచింది. బ్యాండు జాతీయగీతం వాయించింది. జనం చప్పట్లు కొట్టారు. గిరిజ కొట్టలేదు. ఆమె రెండు వేళ్లు కూతురి మణికట్టు మీద నాడి వెతుక్కుంటున్నాయి. చాందిని చెయ్యి లాక్కోబోయింది.

"ఉండు నాన్నా," అంది గిరిజ, "ఒక్క నిమిషం."